గాలి లేని పొద్దున కొట్టిన మందు

చదువు అయిపోయి ఇంకా ఏడాది నిండని మనిషికి లోకంలో తనకు తెలియని సంగతి ఒకటైనా ఉంటుందని చెబితే నమ్మడు. నాకు ఆ వయసు నారాయణఖేడ్‌లో గడిచింది. అప్పట్లో సెల్‌ఫోన్ అంటే మాట్లాడుకోవడానికే. వాన ఎప్పుడొస్తుందో, గాలి ఎటు నుంచి వీస్తుందో చెప్పే తెలివి దానికింకా రాలేదు. ఆ తెలివంతా నా దగ్గరే ఉందని నేను అనుకునేవాణ్ణి. వ్యవసాయంలో రెండేళ్ల డిప్లొమా చేసి, బస్ డిపోకు కాస్త అవతల ఉన్న ఒక ఎరువుల, పురుగుమందుల దుకాణంలో పనికి కుదిరాను. దుకాణం ఓనర్‌ను అందరూ సేటు అనేవాళ్లు. నా పనేమిటో ఆయన మొదటి రోజే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నువ్వు ఊర్లళ్ల తిరిగి మాట్లాడు. నేను గిక్కడ కూసొని అమ్ముత." ఒక పాత మోపెడ్ ఇచ్చాడు. దాని మీద కల్హేర్ దిక్కు, మనూర్ దిక్కు తిరిగి, ఏ పంటకు ఏ మందు ఎప్పుడు కొట్టాలో రైతులకు చెప్పాలి. మా ఊరు కూడా మనూర్ దిక్కే. నేను నిక్కర్లో తిరిగిన ఊళ్లోనే జనం నన్ను "సారు" అనడం మొదలుపెట్టారు. (కొందరు నవ్వుతూ అనేవాళ్లని నాకు చాలా ఏళ్ల తరువాత గాని తట్టలేదు.)

మందు కొట్టడంలో మందు కంటే ముఖ్యమైనది పొద్దు. ఎండ మండిపోతుంటే చినుకు ఆకు మీద పడకముందే ఆవిరైపోతుంది. గాలి గట్టిగా ఉంటే మన చేనుకు కొట్టింది పక్క చేనుకు పోతుంది. వాన ముందు కొడితే మందంతా కడిగినట్టు పోతుంది. ఇవన్నీ నేను పుస్తకంలో చదివినవే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. అయినా మొదటిసారి కల్హేర్ దగ్గర ఒక పెసర చేనులో మిట్టమధ్యాహ్నం మందు కొట్టించాను. పడమటి గాలి ఒక్క తోపు తోసింది. మందంతా వచ్చి నా తెల్లచొక్కా మీద పడింది. ఆ రైతు నన్ను బావి దగ్గరికి లాక్కుపోయి, సబ్బుతో తల కడిగించి, తుడుచుకోవడానికి తువ్వాల ఇస్తూ, "సారు, నీకేమన్న పురుగులు పట్టినయా?" అని ఎంతో శ్రద్ధగా అడిగాడు. రెండోసారి మా ఊళ్లోనే, మక్క పటేల్ చేనులో. (ఏటా మక్కజొన్న తప్ప ఇంకోటి వెయ్యడు కాబట్టి ఆయనకు ఆ పేరు.) ఆకాశం చూసి, "వాన రాదు, కొట్టించు పటేలా" అన్నాను. పంపు కడిగి బోర్లించే లోపలే వాన దంచింది. పటేల్ వాకిట్లో నిలబడి ఆ వానను చాలాసేపు చూసి, "మందు మంచిగ పన్జేసింది సారు. మా వాగుల నీళ్లకు ఇగ పురుగు పట్టది" అన్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

ఆ రెండు దెబ్బలతో నేను ఒక ఒట్టు పెట్టుకున్నాను. గాలి ఉంటే కొట్టించను, మబ్బు ఉంటే కొట్టించను. గాలి కొలవడానికి ఒక యంత్రం కూడా కనిపెట్టాను. పాడైపోయిన క్యాసెట్‌లోంచి మూరెడు టేపు తెంపి, కర్ర చివరకు కట్టాను. టేపు ఊగితే గాలి ఉన్నట్టు. నిలువుగా వేలాడితే లేనట్టు. మోపెడ్ వెనక ఆ కర్ర కట్టుకుని ఊరూరా తిరుగుతుంటే పిల్లలు పీర్లపండుగ వచ్చిందనుకుని వెంట పడేవాళ్లు. నేను మాత్రం ఆ కర్రను ఎంతో గౌరవంగా చేలో పాతి, చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చూస్తూ నిలబడేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మక్క పటేల్ ఓపిక గల మనిషి. వాగు సంగతి మరిచిపోయాడో, మా నాయన మొహం చూసి ఊరుకున్నాడో గాని, మళ్లీ నన్నే పిలిచాడు. మక్క మోకాలెత్తు పెరిగింది, మధ్యలో వెడల్పాకు గడ్డి అంతకంటే ఏపుగా పెరిగింది. దానికొక గడ్డిమందు ఉంది. అది వెడల్పాకు మొక్కల్ని మాత్రమే చంపుతుంది, మక్క జోలికి పోదు. పత్తిది కూడా వెడల్పాకే. ఈ గడ్డిమందు గాలికి సోకినా చాలు, పత్తి ఆకులు ముడుచుకుని వేళ్లలా సన్నబడిపోతాయి. ఇదీ పుస్తకంలో ఉంది. దీనికీ నాకు మార్కులొచ్చాయి. పటేల్ చేను కాస్త మిట్ట. దాని కింద పల్లంలో రెండెకరాల పత్తి ఉంది. ఆ పత్తి పెద్దమ్మది. నాకు సొంత పెద్దమ్మ కాదు, వరుసకు పెద్దమ్మ. పెద్దనాయన పోయిన తరువాత ఆ రెండెకరాలు ఒంటిచేత్తో చేసుకునేది. ఆదివారం మా ఊరి చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే డోలు కొట్టేవాడు దెబ్బ మరిచిపోయేవాడు, అంత గొంతు. ఆ ఏడు ఆమెకున్న ఆధారమంతా ఆ పత్తే.

నాలుగు రోజులు ముసురు పట్టి, అయిదో రోజు తెల్లవారేసరికి మబ్బు విడిచింది. వానాకాలంలో అలాంటి పొద్దు దొరకడం అదృష్టం. నేను చీకటితోనే చేనుకు పోయి కర్ర పాతాను. టేపు నిలువుగా, దూలానికి కట్టిన తాడులా వేలాడింది. ఒక్క ఆకు కదలడం లేదు. చలిగా ఉంది, పల్లంలో పల్చగా పొగమంచు పరుచుకుని ఉంది. ఇంతకంటే మంచి పొద్దు నా జన్మలో రాదనుకున్నాను. మందు కొట్టే మనిషి పంపు మామ. ఊళ్లో ఎవరి చేనుకు మందు కొట్టాలన్నా ఆయనే పంపు భుజానికి ఎత్తుకునేవాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. ఆయన దూరంగా గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఒక దమ్ము లాగి వదిలి, ఆ పొగనే చూస్తూ కూర్చున్నాడు. పొగ పైకి పోలేదు. నడుమెత్తు దాకా లేచి, అక్కడే పక్క మీద పడుకున్నట్టు పడుకుని, మెల్లగా పల్లం దిక్కు జారింది.

"అల్లుడా, పొగ లేస్తలేదు. జర పొద్దెక్కనీ" అన్నాడు.

నేను ఆయనకు గాలి గురించి పాఠం చెప్పాను. "గాలుంటేనే గద మామా మందు కొట్టుకపోయేది? సూడు, టేపు గూడ ఊగుతలేదు. అసలు గాలే లేదు."

పంపు మామ బీడీతో పల్లం దిక్కు చూపించాడు. "గాలి లేదు, సరే. మరి పొగ యాడికో వోతుంది గద?" అన్నాడు.

 జవాబు లేనప్పుడు కొత్తగా చదువుకున్నవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. నవ్వాను. పైగా, పొద్దెక్కి గాలి లేచే లోపల అయిపోవాలని, చేతి పంపు వద్దని తైవాన్ పంపు పెట్టించాను. అది పెట్రోలుతో నడిచే పంపు. మందును చినుకులుగా కాక మంచులా చిమ్ముతుంది. గడ్డిమందుకు దాన్ని వాడనే కూడదు.  సారు చెప్పాక కూలి మనిషి ఎంత దూరం అంటాడు? పంపు మామ బీడీ ఆర్పి పంపు ఎత్తుకున్నాడు. మందు తెల్లగా లేచి, చేను మీద తెరలా నిలిచింది. కింద పడలేదు, పైకీ పోలేదు. పల్లంలోని పొగమంచులో కలిసి, సూర్యుడు వచ్చే వేళకు రెండూ ఒకటే అయిపోయాయి. (ఎంత బాగుందో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పటేల్‌ను పిలిచి చూపించాను కూడా.)

మబ్బులేని రాత్రి నేల చల్లబడుతుంది. నేలను అంటుకున్న గాలీ చల్లబడి బరువెక్కి అక్కడే కూర్చుంటుంది. దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది. సన్నటి మందు ఆ మూత కింద చిక్కుకుని, పల్లం ఎటుంటే అటు నీళ్లలా పారుతుంది. నేల వేడెక్కి, పొగ ఏటవాలుగా పైకి లేచి, ఆకు కాస్త కదలడం మొదలయ్యాకే మందు కొట్టాలి. గాలి ఎక్కువున్నా తప్పే, బొత్తిగా లేకపోయినా తప్పే. ఈ సంగతి ఇప్పుడు ఎవరడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతాను. ఆ పొద్దున ఇది తెలిసిన మనిషి ఆ చేలో ఒక్కడే ఉన్నాడు, ఆయన చేతిలో బీడీ ఉంది.

పది రోజులకు, నారాయణఖేడ్‌లో వారపు అంగడి రోజున, పెద్దమ్మ దుకాణానికి వచ్చింది. కొంగులో మూట కట్టుకొచ్చిన పత్తి కొమ్మను గల్లా బల్ల మీద పెట్టింది.  ఆకులు వెడల్పు పోయి, బెండాకులా చీలి, సన్నసన్నగా వేళ్లలా సాగి ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఆ బొమ్మ కింద ఏం రాసుందో కూడా నాకు గుర్తుంది.

"బిడ్డా, గిదేం రోగం? సేనంత గిట్లనే అయింది. నువ్వు సదువుకున్నోనివి, నీకెర్కుంటదని పొద్దుగాల్నే ఆటో ఎక్కొచ్చిన" అంది.

గల్లా దగ్గర సేటు ఉన్నాడు. ఇద్దరు రైతులు ఉన్నారు. నేను కొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి, వెలుతురుకు పట్టి, చివరకు "వైరస్" అన్నాను. ఆ మాట నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. వచ్చాక మాత్రం ఎంతో కుదురుగా కూర్చుంది.

"వైరస్సా? గదేంది, మనుషులకొచ్చే జరం అసొంటిదా?"

"అసొంటిదే పెద్దమ్మా. గాలికొస్తది." (చూడండి, అబద్ధంలో కూడా గాలిని వదల్లేదు.)

నమూనా కోసం కంపెనీవాళ్లు ఇచ్చిన టానిక్ సీసా ఒకటి ఊరికే ఇచ్చి పంపించాను. అది కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు నిన్ను సల్లగ సూడాలె నాయనా" అని దీవించి పోయింది. ఆ చెయ్యి బరువు సాయంత్రం దాకా నా తల మీదే ఉంది.

మా ఊరి చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెబుతారు. ఎవరికి ఏ మేలు జరిగినా, ఏ కష్టం వచ్చినా లేచి నిలబడి చెప్పుకోవచ్చు. మేలుకు అందరూ స్తోత్రం అంటారు, కష్టానికి అందరూ ప్రార్థన చేస్తారు. ఆ ఆదివారం పెద్దమ్మ లేచింది. "నా పత్తికి వైరస్ అనే రోగం వచ్చింది. సంఘమంత ప్రార్థన జెయ్యాలె. గీ పిల్లగాడు రోగం పేరు జెప్పి, మందు ఉట్టిగ ఇచ్చిండు. దేవుడు పంపిన మనిషి లెక్క దొరికిండు నాకు. దేవునికి స్తోత్రం." అందరూ "స్తోత్రం" అన్నారు. వెనక చాప మీద ఎవరో గట్టిగా దగ్గారు. తిరిగి చూడకుండానే తెలిసింది, పంపు మామ. సంఘమంతా కళ్లు మూసుకుని వైరస్ పోవాలని ప్రార్థించింది. నేనూ కళ్లు మూసుకున్నాను. ఏమని ప్రార్థించాలో తెలియక, ప్రార్థన తొందరగా అయిపోవాలని ప్రార్థించాను.

రెండో ఆదివారం మళ్లీ అదే. రోగం తగ్గలేదు గనుక ప్రార్థన పెరిగింది. పెద్దమ్మ మళ్లీ నా పేరు ఎత్తింది, అందరూ మళ్లీ స్తోత్రం అన్నారు, వెనక మళ్లీ దగ్గు. ఈసారి పాస్టరయ్య ఆగి, "అన్న దగ్గు కోసం గూడ ప్రార్థన చేద్దాం" అన్నాడు. చర్చి బయట చెప్పుల దగ్గర పంపు మామ నన్ను పట్టుకున్నాడు.

"అల్లుడా, నా దగ్గు నీ చేతులుంది. జల్ది జెప్పు."

"చెప్త మామా. జర టైం సూస్కొని చెప్త."

"కొట్టినోన్ని నేను. నాది గూడ పాపమే. నేనే జెప్తుంటి. గని నీ ఇజ్జత్ పోతదని ఊకుంటున్న" అన్నాడు. ఇరవై ఏళ్లు పంపు మోసిన మనిషి నా పరువు కూడా మోస్తున్నాడు. నేను తల వంచుకుని చెప్పులు తొడుక్కున్నాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకు.

చెబుదామనుకోక కాదు. రోజూ అనుకునేవాణ్ణి. మోపెడ్ మీద పోతూ ఆమెతో ఏం మాట్లాడాలో గాలికి అప్పజెప్పుకునేవాణ్ణి. తీరా ఆమె ఇంటి మలుపు వచ్చేసరికి మోపెడ్ దానంతట అదే ముందుకు పోయేది. ఎలాగూ పత్తి కొత్త చిగురు వేస్తే అదే సర్దుకుంటుంది, దెబ్బ మరీ గట్టిగా తగలకపోతే తేరుకుంటుంది, అప్పుడు వైరస్ పోయిందని అందరూ సంతోషిస్తారు, చెప్పే పనే ఉండదు. ఇదీ నా లెక్క. పిరికివాడి లెక్కలన్నీ చూడటానికి చాలా తెలివిగా ఉంటాయి.

మూడో ఆదివారం పెద్దమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. బీదర్ దిక్కు నుంచి ఆమె మరిది వచ్చాడట. చేను చూశాడట. వైరస్ పట్టిన మొక్క బతకదని, పీకి కాల్చకపోతే ఊరి పత్తికంతా అంటుకుంటుందని చెప్పాడట. (వైరస్ నిజమైతే ఆయన మాటా నిజమే. అదే నా ఖర్మ.)

"రేపు సోమవారం ఎనిమిది మంది కూలోళ్లను మాట్లాడిన. పీకిపిస్త. నాదొక్కదాన్ది పోతే పోయింది, ఊరందరికి అంటొద్దు. మీరు గూడ మీ సేన్లు జర సూస్కోండ్రి" అంది. పాటలో అంత మోగే గొంతు, ఆ పూట చెవి ఒగ్గి వింటే గాని వినపడలేదు.

చర్చిలో గుసగుసలు లేచాయి. అందరికీ పత్తి ఉంది. పాస్టరయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపి, నా వైపు చూశాడు. "మన తమ్ముడు సదువుకున్నోడు. లేచి ఆ రోగం గురించి నాలుగు మాటలు చెప్తడు. భయపడకుండ్రి" అన్నాడు. నా చాపవాళ్లు, వెనకున్న చాపలవాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు, అందరూ నన్నే చూశారు. లేచాను. "వైరస్ అనేది..." అని మొదలుపెట్టాను. పరీక్షలో రాసింది రెండు వాక్యాలు చెప్పాను కూడా. అంతలో వెనక నుంచి దగ్గు వస్తుందని ఎదురు చూశాను. రాలేదు. పంపు మామ ఆ పూట దగ్గలేదు. ఆ దగ్గు రాకపోయేసరికి మూడో వాక్యం వదిలేసి పెద్దమ్మ వైపు తిరిగాను.

"పెద్దమ్మా, పత్తి పీకకు" అన్నాను. "అది వైరస్ గాదు. పటేల్ మక్కకు నేను కొట్టిపిచ్చిన గడ్డిమందు నీ సేన్లకొచ్చింది. గాలి లేని పొద్దు మంచిదనుకున్న. మామ వద్దనే అన్నడు. నేనే ఇనలే. నువ్వు కొమ్మ దెచ్చిన నాడే నాకు ఎర్క. నీ పత్తికి పట్టిన రోగం నేనే."

డోలు కొట్టేవాడి చెయ్యి తగిలి డోలు ఒక్కసారి ధబ్ మంది.  పెద్దమ్మ నన్ను చూస్తూ ఉంది. మొదట అర్థం కాలేదు, తరువాత అయింది, ఆ తరువాత ఆమె గొంతు ఆమెకు తిరిగి వచ్చింది.

"ఓరి నీ సదువు మన్నుగాను! మూడు ఆదివారాలు! మూడు ఆదివారాలు సంఘమంత మోకాళ్ల మీద నిలబడి లేని రోగానికి ప్రార్థన జేస్తిమి కదరా! ఆ దేవుడు గూడ ఎంత పరేషాన్ అయ్యిండో, గా రోగం యాడుందో ఎతుకలేక!"

ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరయ్య బైబిల్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గాని భుజాలు ఊగుతున్నాయి. చర్చంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను. పెద్దమ్మ నవ్వలేదు. నవ్వులు ఆగిన తరువాత మెల్లగా అడిగింది.

"రేపు పీకిపిస్తుంటి గద బిడ్డా. నువ్వు సూసుకుంట ఉంటుంటివా?"

ఆ ప్రశ్నకు ఆ రోజు నేను తల వంచుకున్నాను. ఇన్నేళ్లయినా అంతకంటే మంచి జవాబు దొరకలేదు. పాస్టరయ్య పిలవకపోయి ఉంటే నేను లేచేవాణ్ణా, కూర్చునే ఉండేవాణ్ణా? లేచేవాణ్ణనే నాకు నేను చెప్పుకుంటాను. చెప్పుకున్న ప్రతిసారీ సగమే నమ్ముతాను.

ప్రసంగం అయ్యేదాకా కూడా ఆగకుండా ఆమె చెప్పులు తొడుక్కుని, "నడువు సేన్లకు" అంది. నేనూ, పంపు మామా వెనక నడిచాం.  చేను నిండా చేయి చాచి అడుక్కుంటున్నట్టుగా వేళ్లలాంటి ఆకులు. నేను వంగి ఒక్కొక్క చెట్టు కొస వెతికాను. పుస్తకంలో తేరుకుంటుందని ఉంది గాని, పుస్తకం చూపించి ఆమెను నమ్మమనే మొహం నాకు లేదు. చివరకు పంపు మామ ఒక సాలు మధ్య నిలబడి పిలిచాడు. ఒక చెట్టు కొసన గోరంత చిగురు. పూర్తిగా విచ్చలేదు గాని, వెడల్పుగానే ఉంది. పెద్దమ్మ దాన్ని వేలితో తాకి చూసింది.

"పదేను రోజులు సూస్త. నీ మాట మీద గాదు, గీ ఆకు మీద" అంది. కొంగు దోపుకుని, "మరి మాట్లాడిన కూలోళ్లను ఏం జేద్దు? రేపు కలుపు తీపిస్త. నాకు గడ్డిమందు వద్దు, మీ వైరస్ వద్దు. నువ్వు గూడ రా" అంది.

సోమవారం సేటును సెలవడిగితే కారణం చెప్పమన్నాడు, చెప్పాను. ఆయన "పో. వచ్చినంక వారం దాంక డబ్బాలు తుడువు, ఎవ్వలకు ఏం జెప్పకు" అన్నాడు. ఎనిమిది మంది ఆడకూలీల మధ్య తొమ్మిదో మనిషినై కొడవలి పట్టుకుని కూర్చున్నాను. రోజంతా వాళ్లకు నేనే వినోదం. "సారు, గిది గడ్డి, గది పత్తి. పత్తి పీకకు, అది మాది" అని ఒకామె. "సారుకు వైరస్ పట్టినట్టుంది, సాలు ముందటికి సాగుతలేదు" అని ఇంకొకామె. మధ్యాహ్నానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. పెద్దమ్మ సద్దిమూట విప్పి, జొన్నరొట్టె అందరికీ పెట్టి, నాకూ పెట్టింది.  ఆ రొట్టె మింగడం మందు తాగినట్టుండింది.

ఆ తరువాత నేను మందు కొట్టే ముందు పంపు మామ దగ్గర కూర్చోవడం నేర్చుకున్నాను. మంచు ఆరిందా, పొగ ఏటవాలుగా లేస్తుందా, ఆకు తల ఊపుతుందా, మనూర్ దిక్కు మబ్బు దిగుతుందా, ఎండ మెడకు కాలుతుందా, ఇవన్నీ ఆయన చూసి చెప్పేవాడు. అవి ఎందుకలా జరుగుతాయో నేను చెప్పేవాణ్ణి. "గాలిది, మబ్బుది పేర్లు నీకెర్క, మొఖాలు నాకెర్క" అని నవ్వేవాడు. పెద్దమ్మ పత్తి మెల్లగా తేరుకుంది. ఊరి పత్తి కంటే ఆలస్యంగా పూసింది. ఊళ్లో వాళ్లు నాలుగుసార్లు ఏరుకుంటే ఆమె రెండుసార్లే ఏరుకుంది. ఆ తక్కువైంది నా వల్లే. దానికి ఎవరూ ప్రార్థన చెయ్యలేదు, నేను తప్ప.

చర్చిలో పంట పండుగకు ఆమె ఒక ఒడి పత్తి తెచ్చి బల్ల ముందు పోసి, సాక్ష్యం చెప్పింది. వానలిచ్చిన దేవునికి స్తోత్రం, చేను పీకకుండా ఆపిన దేవునికి స్తోత్రం, కలుపు తీసిన ఎనిమిది మంది ఆడోళ్లకు వందనం, చిగురు దొరికించిన పంపు మామకు వందనం. నేను వెనక గోడకు ఆనుకుని విన్నాను. నా పేరు రాలేదు. రాకపోవడమే న్యాయం. అయినా, "ఎనిమిది మంది" అన్నప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగి, నేనున్న మూలకు చూసింది. తొమ్మిది అనలేదు. ఎనిమిదే అంది.

ఇప్పుడు నేను రైతుల శిక్షణ తరగతుల్లో పాఠాలు చెబుతాను. జేబులోని ఫోను గాలి ఎంతో, తేమ ఎంతో గంటగంటకూ చెబుతుంది. ఈ కథ కూడా చెబుతాను. టేపు కర్ర దగ్గర నవ్వుతారు, లేని రోగానికి ప్రార్థన దగ్గర ఇంకా నవ్వుతారు. అప్పుడు పొగ గురించి చెబితే మరిచిపోరు. కాని ఒక సంగతి ఏ తరగతిలోనూ చెప్పలేదు, పెద్దమ్మకూ చెప్పలేదు. ఆమె నన్ను మొదటిసారి మెచ్చుకున్న ఆదివారం నిజంగానే సిగ్గుతో చచ్చిపోయాను. రెండోసారి ఆ సిగ్గు సగమే ఉంది. మూడో ఆదివారం తెల్లవారగానే నేను నీలిరంగు చొక్కా ఇస్త్రీ చేసుకుని, అద్దం ముందు రెండుసార్లు తల దువ్వుకుని, అందరికంటే ముందే పోయి మొదటి చాప మీద కూర్చున్నాను. ఆమె నా పేరు ఎత్తినప్పుడు నలుగురికీ కనబడాలని. పాస్టరయ్యకు నేను అంత తేలిగ్గా దొరికింది అందుకే.

మందు తప్పు పొద్దున కొట్టించినందుకు సిగ్గుపడ్డాను, కలుపు తీసి కొంత కడుక్కున్నాను. అబద్ధానికి సిగ్గుపడ్డాను, నలుగురిలో చెప్పి కొంత దించుకున్నాను. ఆ ఇస్త్రీ చొక్కా పిల్లగాణ్ణి మాత్రం ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడప్పుడు అద్దంలో తల దువ్వుకుంటుంటే వాడు కనిపిస్తాడు. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని, సిగ్గుపడి, కాస్త నవ్వుకుని, ఎవరి పనికి వాళ్లం పోతాం.